తీరికవేళ: గుంటలో బంతి, బండమీద మనిషి

పిల్లలూ!

ముందుగా ఒక పొడుపు కథ విప్పండి, చూద్దాం. ఒక ఆటలో పడితే గెలుపు, ఇంకొక ఆటలో పడకపోతే గెలుపు. ఏమిటా రెండు ఆటలు?

తెలియలేదా? సరే, నేనే చెపుతాను. మొదటిది గోల్ఫ్. అందులో బంతి గుంటలో పడాలి. రెండవది బండలెక్కే ఆట, అంటే రాక్ క్లైంబింగ్. అందులో మనిషి కింద పడకూడదు.

"ఒకటి దొరల ఆట, ఇంకొకటి కోతుల ఆట. ఈ రెంటికీ పోలిక ఏమిటి?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వితే నవ్వారుగాని, కాస్త ఆలోచించి చూడండి. పలాస, టెక్కలి, ఉద్దానం పిల్లలకు ఈ రెండూ బొత్తిగా కొత్తవి కావు. వేసవిలో జీడిపిక్కలు నేలమీద పేర్చి, ఒక కన్ను మూసి, గురి చూసి కొట్టేవాడు గోల్ఫ్ ఆటగాడికి తమ్ముడే. పాదాలకు తాడు బంధం తగిలించుకుని కొబ్బరిచెట్టు పైదాకా పోయే మనిషి బండలెక్కేవాడికి అన్నే. ఒకరికి కావలసినది గురి. మరొకరికి కావలసినది పట్టు.

ముందు గోల్ఫ్ సంగతి చూద్దాం. ఇది స్కాట్లండు దేశంలో పెరిగిన ఆట. పచ్చిక మైదానంలో దూరదూరంగా పద్ధెనిమిది గుంటలుంటాయి. ఒక్కొక్క గుంట వెడల్పు నాలుగుంబావు అంగుళాలు, అంటే 108 మిల్లీమీటర్లు. బంతి బరువు 46 గ్రాములకు మించకూడదు. దాన్ని కర్రతో కొట్టి, వెంట నడిచి, మళ్ళీ కొట్టి, చివరకు గుంటలో వేయాలి. తక్కువ దెబ్బలతో పద్ధెనిమిది గుంటలూ ముగించినవాడిది గెలుపు. దూరం కొట్టడానికి ఒక కర్ర, ఇసుకలోనుంచి లేపడానికి ఒక కర్ర, గుంటలోకి దొర్లించడానికి ఒక కర్ర, ఇలా పద్నాలుగు కర్రలదాకా వెంట తీసుకుపోవచ్చు.

మన దేశానికి ఈ ఆట చాలాకాలం క్రితమే వచ్చింది. కలకత్తాలోని గోల్ఫ్ క్లబ్బును 1829లో స్థాపించారు. బ్రిటిష్ దీవుల వెలుపల ఇప్పటికీ నడుస్తున్న గోల్ఫ్ క్లబ్బులలో అంతకన్న పాతది లేదు. పలాసలో రైలెక్కి విశాఖపట్నంలో దిగితే, ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు వున్నది. హైదరాబాదులోనైతే గోల్కొండ కోటను ఆనుకునివున్న నయాఖిలాలోనే గోల్ఫ్ మైదానం వున్నది.

ఇక బండలెక్కడం. ఇది కొండమీదికి నడిచిపోవడం కాదు సుమా! మందస వైపునుంచి చూస్తే కనిపించే మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. అంత ఎత్తైన కొండకైనా దారి వుంటే కాళ్ళతో నడిచిపోవచ్చు. బండలెక్కేవాడికి దారి వుండదు. గోడలా నిలువుగా వున్న రాతిమీద వేలు పట్టేటంత పగులు, బొటనవేలు మోపేటంత అంచు వెతుక్కుంటూ పైకి పోవాలి. నడుముకు పటకా, దానికి తాడు, తలకు శిరస్త్రాణం, కాళ్ళకు రాతిని కరుచుకునే రబ్బరు జోళ్ళు వుంటాయి. తాడు రెండవ కొస కింద నిలబడిన జతగాడి చేతిలో వుంటుంది. పైనున్నవాడు జారితే ఆపవలసినవాడు అతడే.

తెలుగునాట ఈ విద్యకు పేరుపొందిన చోటు భువనగిరి. అక్కడ కోట వున్న కొండ అంతా ఒకే పెద్ద బండ. నిజామాబాదు జిల్లా పాకాలలో కూలి పనులు చేసుకునే దంపతుల బిడ్డ మాలావత్ పూర్ణ మొదట ఎక్కడం నేర్చుకున్నది ఆ బండమీదనే. సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుతున్న ఆ పిల్ల తరువాత డార్జిలింగులోను, లడఖ్‌లోను శిక్షణ పొంది 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆమె వయస్సు 13 సంవత్సరాల 11 నెలలు. అంత చిన్న వయస్సులో ఆ శిఖరం ఎక్కిన ఆడపిల్ల అంతకు ముందు ఎవరూ లేరు. ఖమ్మం ప్రాంతపు కుర్రవాడు ఆనంద్ కుమార్ కూడా ఆమెతోపాటు ఎక్కాడు.

ఇప్పుడు పోలికలు చూద్దాం.

మొదటి పోలిక. రెండింటిలోను మనకు ఎదురు నిలిచేది మనిషి కాదు. కబడ్డీలో ఎదుటివాడు మనను పట్టుకుంటాడు. క్రికెట్టులో ఎదుటివాడు బంతి విసురుతాడు. గోల్ఫ్‌లో బంతి కదలకుండా కూచుంటుంది, బండ కూడా అంతే. కొట్టు, ఎక్కు అని తొందరపెట్టేవాడు లేడు. కదిలేదీ, బెదిరేదీ మన మనస్సే. అందుచేత రెండింటిలోను చెయ్యి ఆడే ముందు కళ్ళు, బుర్ర పని చెయ్యాలి. గోల్ఫ్ ఆటగాడు గాలి ఎటు వీస్తోంది, పచ్చిక ఎటు వాలివుంది అని చూస్తాడు. బండలెక్కేవాడు కిందనే నిలబడి, పైన ఏ పగులులో ఏ చెయ్యి, ఏ అంచున ఏ కాలు అని మనస్సులోనే ఒకసారి ఎక్కేస్తాడు.

రెండవ పోలిక నిజాయితీ. గోల్ఫ్ మైదానంలో ప్రతి ఆటగాడి వెంట అంపైరు నడవడు. ఎవరి తప్పు వారే చెప్పుకోవాలి. 1925లో అమెరికా ఓపెన్ పోటీలో బాబీ జోన్స్ అనే గొప్ప ఆటగాడు కర్ర సవరించుకుంటూ వుండగా బంతి రవంత కదిలింది. ఇంకెవరూ చూడలేదు. అయినా అతను తనంతట తానే చెప్పి ఒక దెబ్బ జరిమానా వేయించుకున్నాడు. ఆ ఒక్క దెబ్బ లేకపోతే పోటీ అతనిదే. ఆ దెబ్బతో ఆట సమమై, మళ్ళీ ఆడవలసివచ్చి, చివరకు ఓడిపోయాడు. పోటీలో గెలిచినవాడి పేరు మరిచిపోయినవాళ్ళు కూడా ఈ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. బండలెక్కేవాళ్ళకు కూడా ఇటువంటి నియమమే వున్నది. ఎక్కబోయే ముందు ఒకరి ముడి ఒకరు చూడాలి. "ముడి సరిగా వేశావా?" అంటే, చూడకుండా "ఆఁ, వేశాను" అనకూడదు. గోల్ఫ్‌లో అబద్ధానికి పరువు పోతుంది. ఇక్కడ ప్రాణం పోతుంది.

మూడవ పోలిక ఈమధ్య వచ్చింది. 1904 తరువాత ఒలింపిక్సులో కనపడకుండా పోయిన గోల్ఫ్ 2016లో తిరిగివచ్చింది. బండలెక్కే పోటీ, కట్టిన గోడలమీద, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో మొదటిసారి చేరింది. ఆ టోక్యోలోనే బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్ గోల్ఫ్‌లో నాలుగవ స్థానం పొంది, పతకాన్ని కొద్దిలో పోగొట్టుకుంది.

తేడాలు కూడా చాలానే వున్నాయి. గోల్ఫ్‌కు వంద ఎకరాలకు పైబడిన నేల కావాలి. ఆ పచ్చికకు నీళ్ళు కావాలి. బండలెక్కడానికి ప్రకృతి ఇచ్చిన రాయే చాలు. గోల్ఫ్ తాతగారు కూడా హాయిగా ఆడవచ్చు. బండలెక్కడానికి వేళ్ళలోను, కాళ్ళలోను సత్తువ వుండాలి. గోల్ఫ్ కావాలంటే ఒంటరిగా ఆడుకోవచ్చు. కింద తాడు పట్టే జతగాడు లేనిదే బండ జోలికి పోరాదు. అన్నిటికన్న పెద్ద తేడా ఏమంటే, గోల్ఫ్‌లో పొరపాటు చేస్తే ఒక దెబ్బ ఎక్కువవుతుంది, అంతే. బండమీద పొరపాటును దిద్దుకునే అవకాశం ఒక్కొక్కసారి దొరకదు.

ఇక కొంచెం విజ్ఞానం.

గోల్ఫ్ బంతి చూశారా? దాని ఒంటినిండా మశూచికం మచ్చలవంటి చిన్న చిన్న గుంటలు, మూడు వందలకు పైన. అవి అందానికి కావు. పూర్వం బంతులు నున్నగా వుండేవి. ఆడి ఆడి గాట్లుపడిన పాతబంతులు కొత్తవాటికంటె బాగా పోతున్నట్టు ఆటగాళ్ళు గమనించారు. నున్నటి బంతి పరుగెత్తేటప్పుడు దాన్ని ఒరుసుకుంటూ వచ్చే గాలి తొందరగా విడిపోయి, వెనక పెద్ద సుడిని మిగులుస్తుంది. ఆ సుడి బంతిని వెనక్కు లాగుతుంది. గుంటలు వుంటే వాటిలో గాలి కొద్దిగా కలగుండుపడి, బంతిని మరికాస్త దూరం అంటిపెట్టుకుని వుంటుంది. వెనక సుడి చిన్నదవుతుంది. అందుచేతనే నున్నటి బంతి పోయే దూరానికి సుమారు రెట్టింపు దూరం గుంటల బంతి పోతుంది.

బండలెక్కే తాడులో కూడా ఒక కిటుకు వున్నది. మనిషి పడినప్పుడు అది కొంచెం సాగుతుంది. సాగకపోతే ఆ కుదుపుకు నడుము విరుగుతుంది. క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కు తీసుకోమూ? ఇదీ అంతే. మరి అంత బరువును కింద వున్న మనిషి ఎలా ఆపుతాడు? బారువ, భావనపాడు తీరాన పడవ తాడు లాగేవాళ్ళను అడగండి. తాడును గుంజకు రెండు మూడు చుట్లు తిప్పితే రాపిడి పెరిగి, పెద్ద లాగుడును కూడా చిన్న చెయ్యి ఆపుతుంది. జతగాడి నడుముకున్న చిన్న పరికరం కూడా తాడును వంచి ఇదే పని చేస్తుంది. ఇంట్లో బల్లకాలుకు తాడు చుట్టి, ఒక్కొక్క చుట్టూ పెంచుతూ అవతలి కొసను తమ్ముడిచేత లాగించి చూడండి. మీకే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. టెక్కలి పరిసరాల్లో నీలిరంగు గ్రానైటు తవ్వే గనులున్నాయి. ఇది చదివి, "ఎక్కడానికి బండ మన వూళ్ళోనే వుంది!" అని ఎవరైనా క్వారీకి పరుగెత్తుతారేమో! అది మటుకు వద్దు. మందుగుండుతో పేల్చిన రాయి లోపల బీటలువారి వుంటుంది. పట్టుకున్న రాయే చేతిలోకి ఊడివస్తుంది. వదిలేసిన గోతులలో లోతు తెలియని నీళ్ళుంటాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో ఎన్ని కొబ్బరిచెట్లు కూలాయో మీ ఇంట్లో పెద్దలకు తెలుసు. పైకి గట్టిగా నిలబడినదల్లా లోపల కూడా గట్టిదని నమ్మరాదు. చెట్టు సంగతి ఎంతో రాయి సంగతీ అంతే. నెల్లూరు జిల్లావాడైన మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజులలో ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కిన ధీరుడు. అంతటివాడు కూడా 2015లో ఆండీస్ పర్వతాలలో ప్రాణం కోల్పోయాడు. ఎంత నేర్చినవాడికైనా కొండ కొండే. కనక గురువు, తాడు, జతగాడు, ఈ మూడూ లేనిదే నేల విడవకండి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. "ఇవన్నీ డబ్బున్నవాళ్ళ సరదాలు, మనకెందుకు?" అని పిల్లల నోరు మూయించకండి. కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో పచ్చిక పెంచే పనివాడి కొడుకు చౌరాసియా. తండ్రి పని చేసే మైదానంలోనే ఆట చూసి నేర్చుకుని, 2016లోను, 2017లోను ఇండియన్ ఓపెన్ గెలిచాడు. పూర్ణ సంగతి పైన చెప్పనే చెప్పాను. ఆ ఇద్దరికీ ఇంట్లో డబ్బు లేదు. కాని తలుపు దగ్గర నిలబడిన పిల్లవాణ్ణి లోపలికి రానిచ్చినవారు ఉన్నారు. పిల్లవాడు చెట్టెక్కుతుంటే, "దిగరా!" అని అరవడం సులభమే. సరిగా ఎక్కడం నేర్పేవారిని వెతకడం కష్టం. ఆ కష్టం పెద్దలు పడితే, చాటుగా క్వారీకి పోయే అవసరం పిల్లలకు వుండదు.

పిల్లలూ! గోల్ఫ్ కర్ర లేకపోతే బాధ లేదు. జీడిపిక్క వున్నది. గురి చూసి కొట్టండి. తగలకపోతే తగలలేదనే చెప్పండి. ఎదుటివాడు చూడకపోయినా సరే!