గడ్డ తగిలాక ఎన్ని రోజులు?

రాయ్‌పూర్‌లో రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స దొరకదని అనలేం. అంబేడ్కర్ ఆస్పత్రిలో ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం ఉంది, ఎయిమ్స్ ఉంది, నవా రాయ్‌పూర్‌లో 2018 నుంచి బాల్కో మెడికల్ సెంటర్ ఉంది. కరువల్లా వాటి గడప దాకా చేర్చే దారికే. 30 దాటిన ప్రతి స్త్రీకీ ఐదేళ్లకోసారి రొమ్ము పరీక్ష చేయాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, దేశంలో 30–49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఆ పరీక్ష జరిగినవారు 0.9 శాతమే. 2022లో ఈ జబ్బు దేశంలో సుమారు 98 వేల మందిని బలిగొందని అంచనా. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఊరుకోబుద్ధి కాదు.

ఆలస్యాన్ని సిగ్గు మీదికి, అజ్ఞానం మీదికి నెట్టేయడం తేలిక. అసలు చిక్కు జబ్బు స్వభావంలోనే ఉంది. మొదట తగిలే గడ్డ చాలామందిలో నొప్పి పెట్టదు. నొప్పి లేనిదానికి రోజు కూలి ఎవరు వదులుకుంటారు? మా వంశంలో ఎవరికీ లేదన్న ధీమా ఒకటి. కానీ ఈ క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి పదింట ఒకటికి మించవు.

మామోగ్రామ్ లేకుండా చేతి పరీక్ష ఏం చాలుతుందని కొందరంటారు. టాటా మెమోరియల్ వైద్యులు ముంబైలో లక్షన్నర మంది స్త్రీలను ఇరవై ఏళ్లపాటు గమనించారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతితో పరీక్షించగా జబ్బు తొలి దశలోనే బయటపడింది. యాభై దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్న వయసువారిలో ఆ మేలు కనిపించలేదు, ఆ మాటా దాచకూడదు. పరీక్షకు పెద్ద సరంజామా అక్కర్లేదు. మూడు వేళ్ల మెత్తలతో, మొదట తేలిగ్గా, తర్వాత గట్టిగా నొక్కుతూ, మెడ ఎముక నుంచి చంక దాకా తడమాలి. కొద్ది నిమిషాల పని.

2002లో మొదలైన మితానిన్ల (ఊరూరా పనిచేసే మహిళా ఆరోగ్య కార్యకర్తల) వ్యవస్థ ఛత్తీస్‌గఢ్‌కు ఉన్న గొప్ప బలం. ఇప్పటికే భారం మోస్తున్నవారిపై ఇంకో పనా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే పరీక్ష నర్సు చేయాలి. గడ్డ తగిలిన స్త్రీకి తోడుగా నగరానికి వెళ్లడం మితానిన్ పని, దానికి విడిగా డబ్బు ఇవ్వాలి. గడ్డ తగిలిన ప్రతి ఒక్కరూ భయంతో ఆస్పత్రుల చుట్టూ తిరగాల్సి వస్తుందన్న మాటా నిజమే, చాలా గడ్డలు క్యాన్సర్ కావు. ఆ భయం తీరేది త్వరగా వచ్చే బయాప్సీ రిపోర్టుతోనే. జబ్బు నిర్ధారణకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గడువు 60 రోజులు. శిబిరాలకు ఎంతమంది వచ్చారన్న లెక్క మాని, గడ్డ తగిలిన రోజు నుంచి రిపోర్టు చేతికొచ్చే రోజు దాకా ఎంత కాలం పట్టిందో జిల్లా ఆరోగ్య శాఖ నెలనెలా ప్రకటించాలి.