గులాబీ పంచ్‌!

1996 మార్చి 16, లాస్‌వెగాస్‌. జనమంతా మైక్‌ టైసన్‌ బౌట్‌ కోసం వచ్చారు. దానికి ముందు కాలక్షేపానికన్నట్టు ఆడవాళ్ల పోటీ ఒకటి పెట్టారు. గులాబీ రంగు దుస్తుల్లో బరిలోకి దిగింది క్రిస్టీ మార్టిన్‌. ఐర్లండ్‌ బాక్సర్‌ డియర్డ్రీ గొగార్టీ దెబ్బకు ముక్కు పగిలి రక్తం కారుతున్నా, ఆరు రౌండ్లూ ఆడి గెలిచింది. మర్నాడు టైసన్‌తో సమానంగా ఆమె గురించీ చెప్పుకున్నారు. వెస్ట్‌ వర్జీనియా బొగ్గుగని కార్మికుడి కూతురు నెల తిరిగేసరికి ‘స్పోర్ట్స్‌ ఇలస్ట్రేటెడ్‌’ ముఖచిత్రమైంది.

బయటివాళ్లకు తెలియనిది ఇంటి సంగతి. భర్త ఆమెకంటే పాతికేళ్లు పెద్ద. వదిలి వెళితే చంపేస్తానని ఏళ్ల తరబడి బెదిరించాడు. అంతటి బాక్సర్‌ ఎందుకు భరించినట్టు? అడగడం తేలికే. కోచ్‌ అతడే, మేనేజర్‌ అతడే, డబ్బు లెక్కలూ అతడి చేతిలోనే!

2010 నవంబరు 23న, ఫ్లోరిడాలోని ఇంట్లో కత్తితో పొడిచాడు. ఆమె తుపాకీతోనే ఆమెను కాల్చాడు. చనిపోయిందనుకున్నాడు. రక్తపుమడుగులోంచి లేచి, రోడ్డు మీదికొచ్చి, దారినపోయే కారును ఆపిందామె. 2012లో అతడికి పాతికేళ్ల జైలుశిక్ష పడింది.

దాడి జరిగిన ఏడు నెలల్లోపే క్రిస్టీ మళ్లీ గ్లోవ్స్‌ తొడిగింది, 50వ విజయం కోసం. చెయ్యి విరిగి ఓడింది. 2012లో ఇంకోసారి ప్రయత్నించినా అదే ఫలితం. లెక్క 49 దగ్గరే ఆగిపోయింది. అంతర్జాతీయ బాక్సింగ్‌ హాల్‌ ఆఫ్‌ ఫేమ్‌ 2020 సంవత్సరానికి తొలిసారి మహిళలను ఎంపిక చేసినప్పుడు మాత్రం ఆ జాబితాలో ఆమె పేరుంది.