పవన్ 13.. క్రిషన్ 6! టైటాన్స్ గెలుపులో అసలు నంబర్ ఏది?

ప్రో కబడ్డీ 11వ సీజన్‌ను తెలుగు టైటాన్స్ గెలుపుతో మొదలుపెట్టింది. శుక్రవారం (2024 అక్టోబర్ 18) రాత్రి గచ్చిబౌలి జీఎంసీ బాలయోగి ఇండోర్ స్టేడియంలో బెంగళూరు బుల్స్‌ను 37-29తో ఓడించింది. కెప్టెన్ పవన్ సెహ్రావత్ 13 పాయింట్లు కొట్టాడు. ఇదే మ్యాచ్‌లో 1,200 రైడ్ పాయింట్ల మైలురాయి కూడా దాటేశాడు. అదీ ఒకప్పుడు తాను ఆడిన జట్టు మీదే!

ముత్తంగి దగ్గర ఓఆర్‌ఆర్ ఎక్కితే గచ్చిబౌలి ఎంతసేపు? అయినా పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారంలో బీ షిఫ్ట్‌లో ఉన్నవాళ్లకు రాత్రి 8 గంటల మ్యాచ్ దొరకదు. టీ బ్రేక్‌లో ఫోన్ తీస్తే కనిపించేవి రెండే.. స్కోర్‌కార్డ్, పవన్ రైడ్ల క్లిప్పులు. అవి చూసి ‘పవన్ గెలిపించాడు’ అనుకోవడం సహజం. అందులో తప్పు లేదు. కానీ స్కోర్‌కార్డ్‌లో కాస్త కిందకు వెళ్తే ఇంకో పేరు ఉంది. క్రిషన్ ధుల్.. 6 ట్యాకిల్ పాయింట్లు.

క్లిప్పుల్లో ఆ ఆరూ పెద్దగా కనిపించవు. రైడ్‌లో గెంతు ఉంటుంది, పరుగు ఉంటుంది, పది సెకన్ల వీడియోకు అచ్చంగా సరిపోతుంది. ట్యాకిల్ అంటే ఓ కాలు దొరకబుచ్చుకుని, మిగతావాళ్లు వచ్చి మీద పడేదాకా వదలకపోవడమే. కెమెరాకు అందంగా ఉండదు. మన ఊళ్ల స్కూల్ గ్రౌండ్‌లో చూడండి, పిల్లలంతా రైడర్లే అవుతామంటారు. కార్నర్‌లో నిలబడమంటే మూతి ముడుస్తారు.

ఇప్పుడు చిన్న లెక్క. గెలుపు తేడా 8 పాయింట్లు. క్రిషన్ ఆరూ తీసేస్తే స్కోరు 31-29. ఆ పట్టుల్లో కొన్ని జారి మూడంటే మూడు పాయింట్లు బెంగళూరుకు పోయినా 31-32.. టైటాన్స్ ఓడినట్టే. ఇంకో సంగతి కూడా ఉంది. అప్పటి నిబంధనల ప్రకారం ఏడు, అంతకంటే తక్కువ తేడాతో ఓడిన జట్టుకు పట్టికలో ఒక పాయింట్ ఇచ్చేవారు. తేడా 8 కాబట్టి బెంగళూరు ఉత్త చేతులతో వెళ్లింది. టైటాన్స్‌కు మాత్రం ఐదు పాయింట్లు పూర్తిగా వచ్చాయి. అప్పట్లో ప్లేఆఫ్స్‌కు వెళ్లేది ఆరు జట్లే. 22 మ్యాచ్‌ల సీజన్ చివర్లో ఆ ఒక్క పాయింట్ దగ్గరే జాతకాలు మారిపోతుండేవి.

టైటాన్స్ అభిమానికి ఈ లెక్క ఎందుకు ముఖ్యమో తెలియాలంటే అంతకుముందు మూడు సీజన్లు గుర్తు చేసుకోవాలి. గుర్తు చేసుకోవాలనిపించదు, అది వేరే విషయం. 8వ సీజన్‌లో 22 మ్యాచ్‌లకు ఒక్క గెలుపు. 9వ సీజన్‌లో రెండు. 10వ సీజన్‌లో మళ్లీ రెండు. మొత్తం 66 మ్యాచ్‌ల్లో ఐదు విజయాలు! మూడుసార్లూ పట్టికలో అట్టడుగే.

పోనీ స్టార్ లేడా అంటే.. ఉన్నాడు. 10వ సీజన్‌కు పవన్‌ను రూ.2.605 కోట్లకు కొన్నారు. అప్పటికి లీగ్‌లో అదే రికార్డు ధర. అతను డబ్బుకు తగ్గట్టే ఆడాడు, 202 రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం రెండంటే రెండు మ్యాచ్‌లు గెలిచింది. అంతకుముందు 7వ సీజన్‌లోనూ ఇదే కథ. రూ.1.45 కోట్లు పెట్టి తెచ్చిన సిద్ధార్థ్ దేశాయ్ 200కు పైగా రైడ్ పాయింట్లు కొట్టాడు. టైటాన్స్ 12 జట్లలో 11వ స్థానంలో నిలిచింది.

మరి 10వ సీజన్ కప్పు ఎవరు కొట్టారు? పుణేరి పల్టన్. 2024 మార్చి 1న ఇదే గచ్చిబౌలి స్టేడియంలో జరిగిన ఫైనల్లో హర్యానా స్టీలర్స్‌ను 28-25తో ఓడించింది. ఆ సీజన్ మొత్తంలో పుణే రైడర్లలో ఒక్కరు కూడా పవన్ కొట్టిన 202కు దగ్గరగా రాలేదు. అయితే సీజన్‌లోనే నంబర్ వన్ డిఫెండర్ వాళ్ల దగ్గరే ఉన్నాడు.. ఇరాన్ ఆటగాడు షాద్‌లూ, 99 ట్యాకిల్ పాయింట్లు. అత్యధిక రైడ్ పాయింట్లు (276) చేసిన అషు మలిక్ జట్టు దబాంగ్ ఢిల్లీ ఫైనల్ దాకా రానేలేదు.

ఇది కబడ్డీలోనే కాదు. 2024 జూన్‌లో అమెరికాలో జరిగిన ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ ఫైనల్స్ చూడండి. డల్లాస్ స్టార్ లూకా డాన్సిచ్ సగటున మ్యాచ్‌కు 29 పాయింట్లకు పైగా కొట్టాడు, రెండు జట్లలో అతనే టాప్. కప్పు మాత్రం బోస్టన్ 4-1తో ఎగరేసుకుపోయింది. చివరి మ్యాచ్‌లో లూకా 28 కొడితే, డల్లాస్ 106-88తో చిత్తయింది. బాస్కెట్‌బాల్ స్కోర్‌షీట్‌లో ఒక సౌలభ్యం ఉంది. ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపు జట్టు ఎంత ముందుంది, ఎంత వెనకబడింది అన్నది ప్లస్-మైనస్ కింద రాసేస్తారు. కబడ్డీ స్కోర్‌కార్డ్‌లో అలాంటి గడి లేదు. ఉండాల్సింది.

ఎందుకంటే కబడ్డీలో స్టార్ రైడర్ దొరికిపోతే బయట కూర్చోవాల్సిందే. తనంతట తాను తిరిగి రాలేడు. సహచరుడు ప్రత్యర్థిని ఔట్ చేస్తేనే ఒకరు లోపలికి వస్తారు. బోనస్ పాయింట్ తెచ్చినా ఎవరూ తిరిగి రారు. అంటే బెంచీ మీదున్న పవన్‌ను మళ్లీ మ్యాట్ మీదకు తేవాల్సింది ఇంకో రైడర్ టచ్ అయినా కావాలి, డిఫెండర్ పట్టు అయినా కావాలి. 10వ సీజన్లో ఈ పని చేసేవాళ్లే కరువయ్యారు. కెప్టెన్ బయట, జట్టు ఆలౌట్, ప్రత్యర్థికి అదనంగా రెండు పాయింట్లు.. చూసి చూసి విసుగొచ్చింది.

శుక్రవారం లెక్క మాత్రం వేరుగా ఉంది. 37లో పవన్ వాటా 13, క్రిషన్ 6. మిగిలిన 18 ఇతర ఆటగాళ్లు, ఆలౌట్లు, ఎక్స్‌ట్రాల రూపంలో వచ్చాయి. అంటే కెప్టెన్ వాటా మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. అవతల లీగ్ చరిత్రలోనే ఎక్కువ రైడ్ పాయింట్లున్న పర్దీప్ నర్వాల్ ఉన్నా పెద్దగా రాణించలేకపోయాడు. ఆ సీజన్‌కు కోచ్ కూడా మారాడు. 8వ సీజన్‌లో ఢిల్లీకి కప్పు అందించిన క్రిషన్ కుమార్ హుడా వచ్చాడు. ఆ ఢిల్లీ జట్టులోని రైడర్ విజయ్ మలిక్ కూడా 11వ సీజన్‌లో టైటాన్సే. ఇక పవన్‌ను వేలంలోకి వదిలినా, రూ.1.725 కోట్లకు తిరిగి దక్కించుకున్నారు. గతంతో పోలిస్తే దాదాపు 88 లక్షలు ఆదా.

అలాగని ఒక్క మ్యాచ్‌తో సంబరాలు మొదలుపెట్టడం తొందరపాటే. అయిదు గెలుపులు చూడటానికి మూడేళ్లు ఆగిన వాళ్లం! ఆ మర్నాడు శనివారం రాత్రి 8 గంటలకు ఇదే స్టేడియంలో తమిళ్ తలైవాస్‌తో మ్యాచ్ జరిగింది. ఆ సీజన్ వేలంలోనే అత్యధిక ధర పలికిన రైడర్ సచిన్ (రూ.2.15 కోట్లు) అప్పుడు వాళ్ల వైపే ఉన్నాడు. అతన్ని కార్నర్‌లో క్రిషన్ ఎన్నిసార్లు ఆపుతాడన్నదే అప్పటి ప్రశ్న. పవన్ బెంచీ మీద కూర్చున్నప్పుడు స్కోరు కదులుతుందా, ఆగిపోతుందా అన్నది ఇంకో ప్రశ్న. బీ షిఫ్ట్ వాళ్లు పదింటికి గేటు బయటకొచ్చి ఫోన్ తీయగానే ముందు ట్యాకిల్ పాయింట్ల వరుస చూడండి. ఆ తర్వాతే రైడ్ల క్లిప్పులు. ఆ సీజన్‌లో హైదరాబాద్‌లో మ్యాచ్‌లు నవంబర్ 9 వరకు జరిగాయి.