మంచం పక్కన కూర్చున్నవారి మాటేమిటి?

ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చదివేటప్పుడు రోగి పేరు చదువుతారు. ఏం జబ్బో, ఏ ఆసుపత్రిలో ఉన్నారో చెబుతారు. ఆ మంచం పక్కన రాత్రంతా మేలుకుని కూర్చున్న మనిషి పేరు మాత్రం చాలా అరుదుగా వినబడుతుంది. ఆ మనిషి భార్య కావచ్చు, కోడలు కావచ్చు, చదువు మధ్యలో ఆపేసిన కూతురు కావచ్చు. శ్రమలలో విశ్వాసం గురించి ఎంత మాట్లాడినా, ఈ మనిషిని లెక్కలోకి తీసుకోకపోతే అది సగం మాటే అవుతుందని మేము అనుకుంటున్నాము.

హైదరాబాదులో ఈ సంగతి బాగా కనబడే చోటు అబిడ్స్, నాంపల్లి. అబిడ్స్‌లో సెయింట్ జార్జ్ చర్చి ఉంది. చాపెల్ రోడ్డులో మెథడిస్టు సంఘం, గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కథీడ్రల్ ఉన్నాయి. తరతరాలుగా తెలుగు విశ్వాసులు ఈ వీధుల్లోనే ఆరాధించారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, బిడ్డలకు బాప్తిస్మం ఇప్పించారు. అక్కడి నుంచి నాంపల్లి స్టేషను దాటి పబ్లిక్ గార్డెన్స్ వైపుగా నడిస్తే రెడ్ హిల్స్ వస్తుంది. 1955లో ఆరంభమైన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, పిల్లల కోసం నిలోఫర్ ఆసుపత్రి అక్కడే ఉన్నాయి. జిల్లాల నుంచి వచ్చే కుటుంబాలు నాంపల్లి స్టేషనులో దిగి, చేతిలో రిపోర్టుల ఫైలు, దుప్పటి, నీళ్ల సీసా పట్టుకుని ఆ దారినే పోతుంటాయి. మన మందిరాలకూ ఆ వార్డులకూ మధ్య ఉన్నది నడిచి వెళ్లగలిగే దూరమే.

ఈ కుటుంబాల బతుకులో గత కొన్నేళ్లలో మంచి మార్పులు కొన్ని వచ్చాయి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల పేదలకు ఆపరేషన్లు, కీమోథెరపీ అందుబాటులోకి వచ్చాయి. తెలంగాణలో ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచారు. దేశంలోని అన్ని జిల్లా ఆసుపత్రుల్లో మూడేళ్లలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ఇవి నిజంగా మెచ్చుకోవలసినవి.

అయితే దీనికి ఇంకో వైపు కూడా ఉంది. డే కేర్ అంటే పొద్దున వెళ్లి మందు ఎక్కించుకుని సాయంత్రానికి ఇంటికి వచ్చేయడం. చికిత్స ఊరికి దగ్గరైనకొద్దీ చాకిరీ ఇంట్లోకి వస్తుంది. రాత్రి వాంతులు అయితే గిన్నె పట్టేది, జ్వరం వచ్చిందేమోనని చెయ్యి వేసి చూసేది, నోరు పూసినవాళ్లకు జావ కాచి పట్టేది నర్సు కాదు, ఇంటి మనిషే. కూలి పని చేసుకునే ఇంట్లో ఒకరు మంచాన పడితే ఇద్దరి సంపాదన ఆగిపోతుంది. ఒకరిది జబ్బు వల్ల, మరొకరిది తోడుండడం వల్ల. ఆపరేషను ఖర్చు పథకం చూసుకుంటుంది. తోడున్నవారి పోయిన కూలి, నిద్ర, ఆరోగ్యం ఏ బిల్లులోనూ కనబడవు.

ఆ తోడుండేది ఎక్కువగా ఎవరో లెక్కలే చెబుతున్నాయి. 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ల స్త్రీలలో 41 శాతం మంది ఇంట్లోవారి సంరక్షణలో పాలుపంచుకుంటున్నారు. పురుషులలో ఇది 21.4 శాతమే. ఆ పని చేసే స్త్రీ రోజుకు సుమారు 140 నిమిషాలు వెచ్చిస్తే, పురుషుడు 74 నిమిషాలు వెచ్చిస్తున్నాడు. ఇందులో పసిపిల్లల పెంపకం నుంచి ముసలివాళ్ల సేవ వరకు అన్నీ ఉన్నాయి. ఇది దేశమంతటి లెక్క. క్రైస్తవ గృహాలలో తేడా ఉందా లేదా అన్నది ఎవరి ఇంట్లో వారు చూసుకోవచ్చు.

ఇక్కడే మన సంఘాలలో తరచు వినబడే ఒక మాటను పరీక్షించాలి. అలసిపోయిన కోడలితోనో భార్యతోనో, “ఇది ప్రభువు నీకిచ్చిన సిలువమ్మా, సణగకుండా మొయ్యి” అంటారు. మాట భక్తిగానే ఉంటుంది. కాని యేసు తన వెంట రాదలచినవారిని తమ సిలువ తాము ఎత్తుకోమన్నారు. ఇంట్లో అందరూ మోయవలసిన బరువును ఒక్కరి భుజం మీద పెట్టి, దానికి సిలువ అని పేరు పెట్టమనలేదు. అంతకన్నా గమనించవలసిన సంగతి ఒకటుంది. ప్రభువు సిలువను కూడా గొల్గొతా దాకా ఆయన ఒక్కడే మోయలేదు. పొలం నుంచి వస్తున్న కురేనీయుడైన సీమోనును సైనికులు పట్టుకుని ఆయన వెనుక దాన్ని మోయించారు. శిష్యులలో ఎవరూ ఆ పని చేయలేదు. దేవుని కుమారునికే అవసరమైన ఆసరా నాంపల్లిలో ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఇల్లాలికి అక్కర్లేదని ఎలా అనగలం?

ఇంకో పొరపాటు రోగి విషయంలో జరుగుతుంది. జబ్బు తగ్గకపోతే విశ్వాసం చాలలేదంటారు, లేదా ఇంట్లో ఏదో పాపం ఉందంటారు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది కూడా అదే. ప్రభువు ఆ ప్రశ్ననే తోసిపుచ్చారు. యోబు స్నేహితులు ఏడు రోజులు మౌనంగా నేల మీద కూర్చున్నంతసేపు మంచి స్నేహితులే. కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే ఆయనకు భారమయ్యారు. మందులు మానేయమని చెప్పేవారిది విశ్వాసం కాదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడేనని మరువకూడదు.

నొప్పి తగ్గించే వైద్యం గురించి కూడా సంఘాలు తెలుసుకోవాలి. జబ్బు నయం చేయలేని దశలోనూ నొప్పిని, ఆయాసాన్ని, భయాన్ని తగ్గించి మనిషిని మనిషిగా చూసుకునే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించిన సిసిలీ సాండర్స్ ఈ వైద్యానికి దారి వేశారు. ఆమె విశ్వాసి. నర్సుగా, సామాజిక కార్యకర్తగా, చివరికి డాక్టరుగా పనిచేశారు. రోగి నొప్పి శరీరంలోనే ఉండదని, మనసుకూ కుటుంబానికీ ఆత్మకూ ఉంటుందని ఆమె బోధించారు. మన దేశంలో మార్ఫిన్ దొరకడం కష్టం చేసిన 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించి, వైద్య అవసరాలకు దారి సులువు చేశారు. ఎం.ఎన్.జె.లో నొప్పి నివారణకు ప్రత్యేక విభాగం ఉంది. తెలంగాణలోని అనేక జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేర్ కేంద్రాలు పనిచేస్తున్నాయి. మంచం దిగలేనివారి ఇళ్లకు వాటి సిబ్బంది వెళ్లి చూస్తారు. ఈ సంగతి తెలియక నొప్పితో మెలికలు తిరిగే విశ్వాసులు మన మధ్య ఉండకూడదు. డాక్టరు ఇచ్చిన నొప్పి మాత్ర వేసుకోవడం దేవుని మీద అపనమ్మకం కాదు.

మార్కు సువార్త ఏడో అధ్యాయంలో ప్రభువు ఘాటుగా మందలించిన ఆచారం ఒకటుంది. తలిదండ్రులకు దక్కవలసినదాన్ని కొర్బాను అని, అంటే దేవునికి అర్పితమని చెప్పి, వారికి ఏమీ చేయకుండా తప్పించుకునేవారు. కూడికలకు, ఉపవాస ప్రార్థనలకు, కమిటీ మీటింగులకు తప్పక వెళ్తూ, మంచాన పడిన తల్లిని పూర్తిగా భార్యకు వదిలేసే సంఘపెద్దలు ఈ అధ్యాయాన్ని మరోసారి చదవాలి. తండ్రికి స్నానం చేయించడం, పక్కబట్టలు మార్చడం, రాత్రి వంతు తీసుకోవడం పరిచర్యకు అడ్డు కాదు. అదే పరిచర్య.

మరి సంఘం ఏం చేయాలి? మంచి సమరయుడి ఉపమానంలో మనం అంతగా పట్టించుకోని మనిషి పూటకూళ్లవాడు. సమరయుడు గాయాలకు కట్టు కట్టి, గాయపడినవాణ్ణి అతనికి అప్పగించాడు. ఊరికే అప్పగించలేదు. రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. సేవ చేసేవాడి చేతి ఖర్చు గురించి కూడా ఆలోచించాడు. మన సంఘాలకు కావలసింది ఈ తెలివి.

వారంలో ఒక రాత్రి రోగి దగ్గర వేరొకరు ఉంటే ఇల్లాలు ఇంటికి వెళ్లి నిద్రపోతుంది. పురుష రోగి దగ్గర యవనస్థుల కూటమివారు వంతులు వేసుకోవచ్చు. దూరం నుంచి వచ్చినవారికి స్త్రీల సమాజం భోజనం పంపవచ్చు. పిల్లలను బడికి పంపేది, నెల సరుకులు ఇంటికి చేర్చేది, ఆరోగ్యశ్రీ కాగితాలతో కౌంటరు దగ్గర నిలబడేది సంఘంలో ఒకరు చేయవచ్చు. అబిడ్స్, నాంపల్లి సంఘాలవారు జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలకు ఈ పని చేస్తే, ఆ జిల్లాల సంఘాలు వారు ఇంటికి చేరాక అందుకోవచ్చు. కాపరులు ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటే చాలు. పరామర్శకు వెళ్లినప్పుడు రోగి తల మీద చెయ్యి ఉంచి ప్రార్థించాక, పక్కన ఉన్నవారిని, “మీరు అన్నం తిన్నారా? ఎన్నాళ్లయింది నిద్రపోయి?” అని అడగాలి. ఆమె ఏడిస్తే వాక్యం చెప్పి ఆపకూడదు.

ఈ సేవ సమాధి కార్యక్రమంతో ముగిసిపోదు. నెలల తరబడి ఒకరి ఊపిరి వింటూ బతికిన మనిషికి, ఆ మనిషి పోయాక ఇల్లు ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోతుంది. ఆదరణ కూడిక అయిన మరునాటి నుంచి వచ్చేవారు తగ్గిపోతారు, అప్పులవాళ్లు తప్ప. సిలువ మీద ప్రాణం విడిచే గడియలో కూడా ప్రభువు తన తల్లి రేపటి గురించి ఆలోచించి ఆమెను ప్రియ శిష్యునికి అప్పగించారు. ఆ శిష్యుడు ఆమె కోసం ప్రార్థిస్తానని చెప్పి వెళ్లిపోలేదు. ఆమెను తన ఇంటికి తీసుకుపోయాడు.