శిక్ష రద్దయితే ఆడపిల్ల అబద్ధమాడినట్టేనా?

'పైకోర్టు కేసు కొట్టేసిందట. అంటే ఆ పిల్ల చెప్పిందంతా కట్టుకథేనన్నమాట.' అత్యాచారం కేసులో కింది కోర్టు వేసిన శిక్షను హైకోర్టు రద్దు చేసినప్పుడల్లా రచ్చబండ వద్ద వినిపించే మాట ఇది. కోర్టు అన్నది మాత్రం అది కాదు.

పొలం గట్టు తగాదాలో ఎవరి సాక్ష్యం కాస్త బరువుగా ఉంటే వారిదే గెలుపు. క్రిమినల్ కేసుకు ఆ తూకం చాలదు. సహేతుకమైన సందేహానికి తావు లేకుండా నేరం రుజువు కావాలి. సందేహం మిగిలితే దాని లాభం ముద్దాయికే. అప్పీలులోనూ ఇదే కొలత. 'రుజువు కాలేదు' అనడం వేరు, 'జరగలేదు' అనడం వేరు. చేయని నేరానికి ఎవరూ జైలుకు పోరాదన్నది ఈ కొలత ఉద్దేశం. దాన్ని కాదనలేం.

అయితే దేన్ని సందేహంగా లెక్కించాలి? 1972 మార్చి 26 రాత్రి మహారాష్ట్రలోని దేశాయిగంజ్ పోలీసు స్టేషన్‌లో ఒక గిరిజన బాలికపై అత్యాచారం జరిగిందన్న కేసు చూడండి. సెషన్స్ జడ్జి ఇద్దరు పోలీసులను విడిచిపెట్టారు. భయంతో లొంగిపోవడం సమ్మతి కాదంటూ 1976లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి వారికి శిక్ష వేసింది. 1978 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసింది. ఒంటిపై గాయాలు లేవట, కేకలు వేసినట్టు నమ్మకం కలగలేదట! రాత్రివేళ ఠాణాలో పేదింటి పిల్ల ఎంతని అరవగలదు? సమ్మతికీ లొంగుబాటుకూ తేడా చూడలేదని నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. 1978లోనే నల్లకుంట పోలీసు స్టేషన్ ఉదంతంతో హైదరాబాదు అట్టుడికింది. ఈ ఆందోళనల దరిమిలా 1983లో చట్టం మారింది. పోలీసు నిర్బంధంలో సంభోగం జరిగినట్టు రుజువై, తాను సమ్మతించలేదని స్త్రీ కోర్టులో చెబితే, సమ్మతి లేనట్టే కోర్టు భావించాలి. ప్రతిఘటించకపోయినంత మాత్రాన సమ్మతించినట్టు కాదని 2013 సవరణ తేల్చింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టాల్లోనూ ఈ రెండూ ఉన్నాయి.

మన పల్లెల్లో చిక్కంతా ఆలస్యం దగ్గర వస్తోంది. పరువు పోతుందని పెద్దమనుషుల్లో పెడతారు. రాజీ కుదరక ఠాణాకు వెళ్లేసరికి రోజులు గడుస్తాయి. ఆ రోజులనే డిఫెన్సు వకీలు పట్టుకుంటాడు. పంజాబులో 1984లో పదో తరగతి పరీక్షలు రాస్తున్న బాలిక కేసులో జరిగింది ఇదే. తండ్రి మొదట సర్పంచి వద్దకు వెళ్లాడు, పంచాయతీ రాజీ చేయబోయింది. కింది కోర్టు ముద్దాయిలను వదిలేసింది. కుటుంబ పరువు గురించి ఆలోచించి ఆలస్యం చేయడం సహజమేననీ, బాధితురాలి వాంగ్మూలం నమ్మదగినదైతే వేరే సాక్ష్యం అవసరం లేదనీ చెబుతూ 1996లో సుప్రీంకోర్టు వారికి ఐదేళ్ల శిక్ష వేసింది. కనుక ఆలస్యమైతే ఎందుకైందో మొదటి ఫిర్యాదులోనే రాయించాలి. దాచిపెడితే అదే సందేహమవుతుంది. సంతకం చేసేముందు ఫిర్యాదు చదివించుకోవాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాల్సిందే.

అప్పీలు హక్కు ముద్దాయి ఒక్కడిదే అనుకునేవారు ఇంకా ఉన్నారు. ముద్దాయిని విడిచిపెడుతూ కోర్టు ఇచ్చిన తీర్పుపై బాధితురాలు కూడా అప్పీలు చేసుకునే వీలు 2009 డిసెంబరు 31 నుంచి ఉంది. వకీలుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేదు.