అన్నీ తెనాలి జంక్షన్లే!
విజయవాడ నుంచి తెనాలి మీదుగా బాపట్ల వెళ్లే రైలు మార్గాన్ని ఊహించుకోండి. గుంటూరు లైను పక్కన పెట్టండి. బాపట్లను చెరిపేస్తే పట్టా రెండు ముక్కలవుతుంది. తెనాలిని చెరిపితే మూడు. మూడోది రేపల్లె లైను. చివరి స్టేషనైన రేపల్లెను తీసేస్తే మాత్రం ఏదీ తెగదు. తీస్తే ముక్కలయ్యే బిందువును టోపాలజీలో 'కట్ పాయింట్' అంటారు.

మరి అన్ని బిందువులూ అచ్చం ఒకేలా ఉంటూ, అన్నీ కట్ పాయింట్లే అయ్యే పటం ఉంటుందా? అంతులేని సరళరేఖ అలాంటిదే. అందులో అన్నీ బాపట్లలే! అన్నీ తెనాలిలా ఉండాలంటే ప్రతి బిందువు దగ్గరా కొత్త లైను చీలాలి. ఆ లైనులో ప్రతి బిందువు దగ్గరా మరోటి. చీలినవి మళ్లీ ఎక్కడా కలవకూడదు. 2001లో అన్నా ద్యూబినా, యోసిఫ్ పోల్టెరోవిచ్ ఇలాంటి 'చెట్టు'ను కట్టి చూపారు. అందులో ఏ బిందువు తీసినా అనంతమైన ముక్కలే.

కాగితంలో ఇమిడేలా, కొసలతో సహా గీసిన పటంలో ఇది కుదరదు. తీసినా తెగని బిందువులు అక్కడ కనీసం రెండుంటాయని అమెరికా గణితవేత్త ఆర్.ఎల్.మూర్ నిరూపించారు. అంటే రేపల్లెలు తప్పవు!

తెనాలి దగ్గర పట్టా ఆగితే రేపల్లెకు రైలే లేదు. ఆ బెంగ తీరాలంటే పట్టాలను వలయంగా కలపాలి. వలయంలో అన్ని బిందువులూ సమానమే, కట్ పాయింట్ ఒక్కటీ ఉండదు.