వీసా బెదిరింపుకు లొంగవద్దు

అమెరికా సంబంధం కుదిరిందంటే మన ఇళ్ళలో పండుగే. అబ్బాయి ఉద్యోగం, జీతం, ఇల్లు అన్నీ విచారిస్తాము. కానీ మన అమ్మాయి ఏ వీసా మీద వెళుతోంది, అక్కడ ఆమెకు కష్టం వస్తే ఏ చట్టం అండగా ఉంటుంది అని ఎవరమూ అడగము. పెళ్ళికి ముందు తప్పక అడగవలసిన ప్రశ్న ఇది అని నా అభిప్రాయం.

గృహహింస అంటే కొట్టడం ఒక్కటే కాదు. నిత్యం తిట్టడం, చేతికి డబ్బు ఇవ్వకపోవడం, ఫోను లాక్కోవడం, ఎవరితోనూ మాట్లాడనివ్వకపోవడం, బలవంతపు కాపురం కూడా హింసే. వీటివల్ల నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, దిగులు, ఆకలి మందగించడం వంటి బాధలు వస్తాయి. గర్భిణి అయితే కడుపులోని బిడ్డకు కూడా ప్రమాదమే. కాబట్టి ఇది ఇంటి గొడవ మాత్రమే కాదు, ఆరోగ్య సమస్య.

పరాయి దేశంలో దీనికి మరొక ఆయుధం తోడవుతుంది. "పోలీసులకు చెప్పావంటే నీ వీసా రద్దు చేయించి ఇండియా పంపించేస్తాను" అనే బెదిరింపు అది. భాష సరిగా రాదు, బంధువులు దగ్గర లేరు, పాస్‌పోర్టు భర్త బీరువాలో ఉంటుంది. ఆ అమ్మాయి నోరు మూసుకుని భరిస్తుంది.

అయితే ఈ బెదిరింపును తిప్పికొట్టడానికే అమెరికాలో 1994లో ఒక చట్టం వచ్చింది. భర్త అమెరికా పౌరుడు గానీ, గ్రీన్‌కార్డు ఉన్నవాడు గానీ అయితే, హింసకు గురైన భార్య అతని సంతకం లేకుండా తానే గ్రీన్‌కార్డు కోసం అర్జీ పెట్టుకోవచ్చు. ఆ అర్జీ సంగతి అధికారులు భర్తకు చెప్పకూడదు. స్త్రీల పేరుతో వచ్చినా, హింసకు గురైన భర్తలకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది. రెండేళ్ళ షరతుతో గ్రీన్‌కార్డు పొందినవారు, మామూలుగా భార్యాభర్తలిద్దరూ కలిసి పెట్టవలసిన అర్జీని హింస కారణం చూపి ఒక్కరే పెట్టవచ్చు. 2000లో వచ్చిన యు వీసా, నేరానికి గురై పోలీసుల దర్యాప్తుకు సహకరించినవారికి ఇస్తారు. కానీ ఏడాదికి బాధితులకు ఇచ్చేవి 10,000 మాత్రమే కనుక ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి.

మన అమ్మాయిలు చాలామంది వెళ్ళేది హెచ్‌-4 వీసా మీద. భర్త హెచ్‌-1బి ఉద్యోగి కనుక పైన చెప్పిన సొంత అర్జీ వీరికి వర్తించదు. 2006 జనవరిలో అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం, హింసకు గురైన హెచ్‌-4 భార్య ఉద్యోగ అనుమతి కోరవచ్చు. ఈ అర్జీలు తీసుకోవడం 2017లో గానీ మొదలు కాలేదు. పైగా అది ఉద్యోగానికి అనుమతి మాత్రమే, ఆ దేశంలో ఉండడానికి హక్కు కాదు. విడాకులు మంజూరైతే హెచ్‌-4 హోదా పోతుంది. పౌరుని భార్యకు ఒక న్యాయం, ఉద్యోగి భార్యకు మరొక న్యాయమా? దెబ్బ ఇద్దరికీ ఒకటే కదా! ఈ లోటును అక్కడి ప్రభుత్వం సరిదిద్దాలి.

ఇలాంటి చట్టాలు కాపురాలు కూలుస్తాయని కొందరు పెద్దలు అంటారు. కాపురాన్ని కూల్చేది చట్టం కాదు, చెయ్యెత్తినవాడు. అర్జీ పెట్టినంత మాత్రాన ఎవరికీ గ్రీన్‌కార్డు రాదు. పెళ్ళి నిజమైనదని, హింస జరిగిందని ఆధారాలు చూపాలి.

అందుకే ఈ జాగ్రత్తలు ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి.

1. పాస్‌పోర్టు, వీసా, పెళ్ళి సర్టిఫికెట్టు నకళ్ళు, పెళ్ళి ఫోటోలు పుట్టింట్లో కూడా ఒక సెట్టు ఉంచండి.

2. ప్రాణాపాయం ఉంటే 911కు ఫోను చేయాలని అమ్మాయికి చెప్పండి. అక్కడి జాతీయ గృహహింస సహాయ ఫోను 1-800-799-7233. తెలుగు దుబాసీ కావాలని అడగవచ్చు.

3. దెబ్బ తగిలినప్పుడు "జారి పడ్డాను" అనకుండా డాక్టరుకు నిజం చెప్పాలి. భర్తను దుబాసీగా ఉంచుకోవద్దు. ఆసుపత్రి రికార్డు రేపు ఆధారంగా పనికివస్తుంది.

4. చదవని కాగితం మీద సంతకం చేయవద్దు. విడాకులకు ముందే ఇమిగ్రేషన్ లాయరును కలవాలి. నియమాలు మారుతుంటాయి కనుక, ఎవరో చెప్పిన మాట నమ్మి ఊరుకోవద్దు.

పెళ్ళికి ముందు సంఘంలో ఇచ్చే కౌన్సెలింగులో ఈ విషయాలు కూడా చెబితే ఎంతో మేలు. ఇక తల్లిదండ్రులకు ఒక మాట. అమ్మాయి ఫోనులో ఏడిస్తే "సర్దుకుపో తల్లీ, నలుగురూ ఏమనుకుంటారు" అనకండి. "నీకు ప్రమాదమేమీ లేదు కదా? పాస్‌పోర్టు నీ దగ్గరే ఉందా?" అని అడగండి. అమ్మ నోట ఈ రెండు ప్రశ్నలు వింటే, తాను ఒంటరిది కాదని ఆ బిడ్డకు తెలుస్తుంది.